కారు, ఇద్దరు స్నేహితులు, ఒకావిడ: ‘ఇ తు మమా తంబియెన్’ పనితనం మన రోడ్డు మీద ఎలా?

గట్టుమీద_కెమెరా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తక్కువ ఖర్చులో తీయడానికి ఒక రోడ్డు సినిమా రాస్తున్నాను. ఇంజనీరింగ్ అయిపోయిన ఇద్దరు స్నేహితులు, వాళ్ళకంటే పదేళ్ళు పెద్దదైన ఒకావిడ, ఒక పాత కారు. హైదరాబాద్ నుంచి విజయవాడ, ఏలూరు, పాలకొల్లు మీదుగా నర్సాపురం, అక్కడ ఏరు దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి అంతర్వేది వైపు సముద్రం దాకా. స్నేహం, కోరిక, మధ్యలో మొలిచే ఈర్ష్య, ఇంతే కథ.

దీనికి దగ్గరి నమూనా అల్ఫోన్సో క్వారోన్ 2001లో తీసిన మెక్సికో సినిమా ‘ఇ తు మమా తంబియెన్’. అందులోనూ హూలియో, తెనోచ్ అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ళకంటే పెద్దదైన లూయిసా కారులో సముద్రానికి బయల్దేరతారు. కథ తీసుకోను, పనితనం పట్టుకోవాలని ఉంది. నా చిక్కులు ఇవీ. అందులో కథకుడి గొంతు విసుగు పుట్టించదు, నా డ్రాఫ్టులో మాత్రం వాయిస్ ఓవర్ వచ్చిన ప్రతిచోటా సీను చప్పబడిపోతోంది. కారు లోపల అంత పొడుగు షాట్లు ఒక్క కెమెరాతో ఎలా సాధ్యం? బయటి దృశ్యాలు వేసే పెద్ద ఎల్‌ఈడీ తెర, అంటే ఎల్‌ఈడీ గోడ ముందు కారు నిలబెట్టి తీస్తే చవకేమో అని మా నిర్మాత అంటున్నారు. ఇక సెన్సారు. పనిలో ఉన్నవాళ్ళు వివరంగా చెప్పగలరా?

---

కత్తెర రాశారు:

ముందు వాయిస్ ఓవర్ సంగతి. మీ స్క్రిప్టు బతుకుతుందా లేదా అన్నది దాని మీదే ఉంది.

ఆ సినిమాలో కథకుడు, అంటే దానియెల్ హిమెనెస్ కాచో గొంతు, తెర మీద కనిపిస్తున్న విషయాన్ని ఎప్పుడూ చెప్పడు. ‘హూలియోకి కోపం వచ్చింది’ అనడు, అది నటుడి మొహంలోనే ఉంది కాబట్టి. అతను చెప్పేవి గమనిస్తే నాలుగు రకాలు.

మొదటిది, కారులో ఉన్నవాళ్ళకి అసలు తెలియనిది. ట్రాఫిక్ ఆగిపోతుంది. కుర్రాళ్ళు ఏదో ప్రదర్శన వల్ల అనుకుంటారు. రోడ్డు దాటబోయి బండి కింద పడి చనిపోయిన ఒక తాపీ పనివాడి వల్ల ఆగిందని కథకుడు చెప్తాడు. పేరుతో, ఏ రాష్ట్రం నుంచి వలస వచ్చాడో దాంతో సహా. పాదచారుల వంతెన చాలా దూరంలో కట్టారని కూడా. అక్కడితో ఆ మనిషి ప్రస్తావన అయిపోతుంది, కారు కదులుతుంది.

రెండోది, పాత్రకి తెలుసు గానీ బయటికి అనదు. తెనోచ్ కిటికీలోంచి తెపెల్‌మెమే అనే ఊరి పేరు చూస్తాడు. తనని పెంచిన ఆయాది ఆ ఊరు. చిన్నప్పుడు ఆమెని అమ్మా అని పిలిచేవాడు, ఆ ఊరికి మాత్రం ఎన్నడూ రాలేదు. పక్కనున్న ఇద్దరికీ ఆ సంగతి చెప్పడు.

మూడోది, స్నేహితులు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నది. హూలియో ఇంట్లో బాత్రూముకి వెళ్తే తెనోచ్ టాయిలెట్ సీటుని కాలితో ఎత్తుతాడు. తెనోచ్ ఇంట్లో హూలియో వాసన పోవడానికి అగ్గిపుల్ల గీస్తాడు. ఇద్దరి మధ్య ఉన్న డబ్బు తేడా మీద ఇంతకంటే ఉపన్యాసం అక్కర్లేదు.

నాలుగోది రాబోయే కాలం. వాళ్ళని పడవలో తిప్పిన జాలరి చూయ్, ఆ తీరంలో హోటలు వచ్చాక చేపలు పట్టడం మానేసి అదే హోటల్లో ఊడ్చే పనికి కుదురుతాడని ముందే చెప్పేస్తాడు. ఆ సమయానికి తెర మీద అందరూ హాయిగా ఉంటారు.

ఇప్పుడు మీ డ్రాఫ్టులో ప్రతి వాయిస్ ఓవర్‌నీ విడి కార్డు మీద రాసి, ఈ నాలుగింటిలో ఎందులో పడుతుందో పక్కన వేయండి. ఎందులోనూ పడకపోతే తీసేయండి. పాత్ర పైకి అనగలిగిన మాటైతే డైలాగుగా మార్చండి. ఒక్కో కార్డు మూడు నాలుగు వాక్యాలు దాటకూడదు. నాలుగో రకం తప్ప మిగతావి భూతకాలంలో, అన్నీ ప్రథమ పురుషలో (అతను, ఆమె) రాయండి. విశేషణాలు ఉండకూడదు. ‘పాపం’, ‘విధి’, ‘తెలియని బాధ’ లాంటివి కనపడితే కొట్టేయండి. మన దగ్గర వాయిస్ ఓవర్ అనగానే బరువైన గొంతు వెతుకుతారు, అక్కడే సగం చెడుతుంది. పంచనామా చదివినట్టు ఉండాలి.

మీ దారిలోంచే ఒక ఉదాహరణ. పంటు మీద కారు ఎక్కింది. కుర్రాళ్ళు, ఇక్కడ వంతెన ఉంటే గంట కలిసొచ్చేదని విసుక్కుంటున్నారు. వాళ్ళ మాట మధ్యలో తెగుతుంది. కథకుడు: ‘టికెట్లు చించిన మనిషి పదహారేళ్ళుగా ఇదే పంటు మీద ఉన్నాడు. వంతెన వస్తుందని నాలుగుసార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ ఇంటికెళ్ళి కూతురి పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవాలా అని భార్యతో లెక్క వేశాడు.’ మళ్ళీ కుర్రాళ్ళ గొడవ. అంతే, వ్యాఖ్యానం వద్దు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. భావం శిఖరానికి చేరినచోట పెడితే అది నేపథ్య సంగీతం చేసే పనే చేస్తుంది. కబుర్లు జోరుగా సాగుతున్నప్పుడు, ఎవరికీ ఏ బాధా లేనప్పుడు పెట్టాలి.

---

మిక్స్‌రూమ్ రాశారు:

కత్తెర అన్న చెప్పిన దాంట్ల సగం పని సౌండుదే. ఆ సినిమాల కథకుడు మాట్లాడే ముందు శబ్దం మొత్తం బంద్ అయితది. ఇంజను, గాలి, రేడియో, వాళ్ళ మాటలు, అన్నీ. బొమ్మ మాత్రం నడుస్తుంటది, పెదవులు కదులుతుంటయి. ఒక క్షణం ఏం వినపడది, తర్వాత గొంతు. అది అయిపోంగనే మళ్ళ శబ్దం ఒక్కసారి తిరిగొస్తది.

చేసేటప్పుడు గివి చూసుకోండ్రి.

శబ్దం మెల్లగ తగ్గించే ఫేడ్ పెట్టొద్దు. ఒక్క ఫ్రేము మీద కోసెయ్యాలె. ఫేడ్ పెడితే ‘ఇప్పుడు వాయిస్ వస్తది’ అని ముందే తెలిసిపోతది, జనం మామూలు వాయిస్ ఓవర్ లెక్కనే వింటరు. టిక్కుమనకుండ రెండు మూడు మిల్లీసెకండ్ల క్రాస్‌ఫేడ్ చాలు.

కోసే ముందు శబ్దం నిండుగ ఉండాలె. ఖాళీ రోడ్డు, ఏసీ, ఒక్క మనిషి గొంతు మాత్రమే ఉన్నచోట కోస్తే ఎవరికీ తెల్వది. కిటికీలు దించి, పాట పెట్టి, ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు కోసి చూడుండ్రి, థియేటర్ల కుర్చీల మనిషి కదులుతడు. సరౌండ్ స్పీకర్లల్ల గాలి, లారీల హారన్లు ముందు ఇరవై సెకండ్ల నుంచే పెంచుకుంట రావాలె. కథకుడి గొంతు సెంటర్ స్పీకర్ల మాత్రమే, రివర్బ్ (మార్మోగుడు) ఏం పెట్టకుండ.

కోసినంక గొంతు మొదలయ్యేదాక ఒక సెకండు అటూ ఇటూ ఇడువుండ్రి. అంతకు తక్కువైతే ఎడిటింగ్ తప్పు అనిపిస్తది. రెండు సెకండ్లు దాటితే ప్రొజెక్షన్ ఆగిందని జనం వెనక్కి చూస్తరు. మొదటిసారి వచ్చినప్పుడే ఈ అనుమానం వస్తది కాబట్టి, మొదటి పది నిమిషాలల్ల రెండుసార్లు వాడి అలవాటు చెయ్యాలె. సినిమా మధ్యల నుంచి కొత్తగ మొదలుపెడితే నడవది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. పూర్తి డిజిటల్ సున్నా పెడితే ఓటీటీ వాళ్ళ నాణ్యత తనిఖీ (క్యూసీ)ల ‘ఆడియో డ్రాపౌట్’ అని వాపస్ పంపుతరు. అడుగున వినీ వినపడని రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట ఉండే శబ్దం) పరువుండ్రి, లేకుంటే డెలివరీ కాగితాలల్ల టైమ్‌కోడ్‌తోని సహా ‘కావాలని పెట్టిన నిశ్శబ్దం’ అని రాసియ్యుండ్రి. రెండూ చేస్తే ఇంక మంచిది.

ఇగ కారుల రికార్డింగ్. ముగ్గురికి బట్టలకు తగిలించే లాపెల్ మైకులు, అద్దం మీది సన్‌వైజర్ దగ్గర దాచిపెట్టే ఒక చిన్న ప్లాంట్ మైకు, వెనుక సీటు కోసం పైకప్పు నడిమిట్ల ఇంకోటి. రికార్డరు డిక్కీల. సీటుబెల్టు లాపెల్ మీద రాస్తది, అందుకే మైకు బెల్టుకు అవతలి పక్క పెట్టాలె. టేకుల ఏసీ బంద్. పాత కారైతే డ్యాష్‌బోర్డు గలగలలు ముందే పట్టుకోని లోపల ఫోమ్ కుక్కుండ్రి. షూటింగు అయినంక ఆ కారుతోనే వైల్డ్ ట్రాకులు (కెమెరా లేకుండ ఉత్త శబ్దం) తీసుకోవాలె: ఒక్కో గేరుల నిమిషం చొప్పున, కిటికీలు మూసి, తెరిచి, సగం దించి. తలుపులు, ఇండికేటర్ టిక్కులు, హ్యాండ్‌బ్రేకు. పాత కారు అమ్మేసినంక మళ్ళ ఆ శబ్దం దొరకది.

కారుల పాట షూటింగుల మోగనియ్యొద్దు. కావాలంటే టేకు ముందు ఊపు కోసం పెట్టి, మాటలు మొదలైనంక బంద్ చెయ్యుండ్రి. మోగుతుంటే ఎడిటింగుల ఒక్క మాట కూడ జరపలేరు. పాత సినిమా పాట వాడుతం అంటే రికార్డింగ్ హక్కు వేరు, సాహిత్యం-స్వరం బొమ్మకు జత చేసుకునే సింక్ హక్కు వేరు, రెండు కాగితాలూ చేతిల ఉన్నంకనే సీను రాసుకోండ్రి. పాట మీద డ్యాన్స్ తీసినంక హక్కులు దొరకకుంటే ఆ సీను మొత్తం పోతది.

---

లాంగ్‌టేక్_కృష్ణా రాశారు:

కెమెరా వైపు నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

క్వారోన్, కెమెరామన్ ఎమాన్యుయెల్ లుబెజ్కీ ఈ సినిమాకి ముందు 1998లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చేశారు. రంగులు, లైటింగ్, ఫ్రేములు అన్నీ పేర్చిన సినిమా అది. ఇక్కడ ఆ పద్ధతంతా పక్కన పడేశారు. చేతిలో కెమెరా, వైడ్ లెన్స్, దొరికినంత సహజమైన వెలుతురు, కథ వరసలోనే షూటింగు. క్లోజప్పులు చాలా తక్కువ. మనుషుల చుట్టూ ఉన్న చోటికి కూడా మనుషులంత జాగా ఉంటుంది ఫ్రేములో. కిటికీ బయట పోలీసులు ఎవరినో ఆపి సోదా చేస్తుంటారు, సైనికులు కనిపిస్తారు, కారు ఆగకుండా పోతుంది, లోపల దాని గురించి ఎవరూ మాట్లాడరు. కెమెరా మాత్రం చూస్తుంది.

అందరూ కారు షాట్ల గురించే అడుగుతారు గానీ అసలు నేర్చుకోవాల్సింది కెమెరా కథానాయకుల్ని వదిలేసి వెళ్ళే షాట్లు. పెళ్ళి సీనులో దేశాధ్యక్షుడే అతిథి. కెమెరా పనిమనిషి వెంట బయటికి వెళ్ళి, డ్రైవర్లూ అంగరక్షకులూ తిండి తింటున్న చోటికి చేరుతుంది. రోడ్డు పక్క హోటల్లో ముగ్గురూ మాట్లాడుకుంటుంటే, కెమెరా ఒక ముసలావిడ వెనకాలే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. లోపల ఆడవాళ్ళు పనిలో ఉంటారు. మీరు ఏలూరు దాటాక ఏ కాకా హోటల్లోనైనా ఇది చేయొచ్చు, కానీ వరస తప్పితే నవ్వులపాలవుతుంది.

ముందు మనిషి కదలాలి, అర సెకను తర్వాత కెమెరా కదలాలి. కెమెరా ముందే తిరిగితే ‘డైరెక్టరు మనకేదో చూపించబోతున్నాడు’ అని అర్థమైపోతుంది. తీసుకెళ్ళే మనిషి టేబుల్ దగ్గరికి ఏదో పని మీద వచ్చి ఉండాలి, ఖాళీ పళ్ళెం తీయడమో, నీళ్ళు పోయడమో. ముగ్గురి సంభాషణ వెనకాల వినపడుతూనే ఉండాలి, దూరమయ్యే కొద్దీ తగ్గాలి. కాబట్టి నటులు కెమెరా లేకపోయినా ఆపకూడదు, ఆ మాటలు కూడా పూర్తిగా రాసి ఉండాలి. అక్కడ చాలామంది ‘ఏదో ఒకటి మాట్లాడండి’ అని వదిలేస్తారు, మిక్సింగులో ఏడుస్తారు.

వెలుతురు: బయటి పందిరి నుంచి వంటింట్లోకి వెళ్తే మూడు నాలుగు స్టాపులు పడిపోతుంది (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది). లెన్సులోకి వచ్చే వెలుతురుని దూరం నుంచి మార్చే రిమోట్ ఐరిస్ పెట్టి గుమ్మం దాటుతున్నప్పుడు తెరవాలి. గుమ్మం చెక్క ఫ్రేములో పెద్దగా ఉన్న క్షణంలో తిప్పితే కనపడదు. దానికి తోడు వంటింటి కిటికీ బయట తెల్లటి గుడ్డ కట్టి వెలుతురు లోపలికి కొట్టించుకుంటే ఒక స్టాపు కలిసొస్తుంది. ఫోకస్ తిప్పే మనిషి, అంటే ఫోకస్ పుల్లర్‌కి వైర్‌లెస్ మానిటర్ ఇవ్వండి, కెమెరా వెనక ఇరుకు గుమ్మంలో ఇద్దరు పట్టరు. వంటింట్లో ఉన్నవాళ్ళు నిజంగా అక్కడ పనిచేసేవాళ్ళే అయితే సంతకం చేసిన అనుమతి, రోజు కూలి, రెండూ ముందే. వాళ్ళ పని ఆపొద్దు, వాళ్ళ వేళకే మీరు వెళ్ళండి.

ఇక కారు. ఒక్క కెమెరా అయితే మూడు స్థానాలు చాలు: డ్రైవరు పక్క సీటు తీసేసి అక్కడి నుంచి, వెనక సీటు మధ్య నుంచి ముందుకి, బానెట్ మీద నుంచి అద్దం గుండా. సూపర్ 35 సైజు కెమెరా సెన్సరుకి 24 నుంచి 32 మి.మీ. మధ్య లెన్సు. అంతకంటే వైడ్ అయితే చివరలో కూర్చున్నవాళ్ళ మొహాలు సాగుతాయి, అంతకంటే టైట్ అయితే ముగ్గురూ పట్టరు, కిటికీ కూడా పోతుంది.

బానెట్ షాటుకి అద్దం మీది ప్రతిబింబాన్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టరు తప్పదు, ఒకటిన్నర స్టాపు దాకా తింటుంది. ప్రతిబింబాన్ని పూర్తిగా చంపొద్దు. అద్దం మీద చెట్ల నీడలు కొంచెం పారుతుంటేనే కారు నడుస్తున్నట్టుంటుంది. సక్షన్ మౌంటు పెట్టేముందు రేకు తుడిచి, కప్పు అంచు తడిపి, పంపు మీది గీత ప్రతి టేకుకీ చూడాలి. అది జారినా కెమెరా రోడ్డు మీద పడకుండా విడిగా ఒక రాట్చెట్ బెల్టు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూత ఉన్నచోట ఏదీ బిగించొద్దు, చిన్న గుద్దుకే అది తూటాలా ఎగిరి నటుడి మొహానికి వస్తుంది.

వేగం 40 దాటొద్దు. దాటితే పక్క కిటికీలో కరెంటు స్తంభాలు, డివైడర్ ఊచలు రోలింగ్ షట్టర్ (కెమెరా బొమ్మని ఒక్కసారి కాకుండా వరసవరసగా చదవడం) వల్ల వంగి కనిపిస్తాయి. హైవే మీద 40లో వెళ్తే వెనక లారీలు ఊరుకోవు, అందుకే మాటల సీన్లు పాలకొల్లు, నర్సాపురం వైపు కాలవగట్టు రోడ్ల మీద పెట్టుకోండి. కొబ్బరి చెట్ల నీడలు మొహాల మీద టకటకా మారుతుంటే ఎడిటింగులో కట్లు అతకవని గుర్తుంచుకోండి. అక్కడ ఒకే టేకు అయితేనే పని.

సూర్యుడు: విజయవాడ నుంచి ఏలూరు వైపు దారి దాదాపు ఈశాన్యానికి పోతుంది. పొద్దున ఎండ ముందు, కుడి పక్క, అంటే డ్రైవరు వైపు కొడుతుంది. బానెట్ షాట్లు ఆ వేళ బాగుంటాయి, మొహాలు వెలుగుతాయి. సాయంత్రం ఎండ వెనక ఎడమ నుంచి వస్తుంది, వెనక అద్దం తెల్లగా పేలిపోతుంది. అప్పుడు వెనక సీటు నుంచి ముందుకి చూసే షాట్లు తీయండి. కథలో ఒకే సంభాషణని పొద్దునా సాయంత్రమూ కలిపి తీయాల్సి వస్తే అదే రోడ్డు మీద తిరుగు దిశలో నడపండి, సాయంత్రం ఎండ కూడా ముందు నుంచే వస్తుంది. బయట ఎదురొచ్చే బోర్డులు మాత్రం కనపడకుండా చూసుకోండి.

నటుడు బండి నడుపుతూ పెద్ద సంభాషణ చేయడం వద్దే వద్దు. లో-బెడ్ ట్రాలీ మీద కారెక్కించి లాగండి. ట్రాలీ ఎత్తుగా ఉంటే పక్కన వెళ్ళే బైకుల మీద మనుషుల తలలు కిటికీ కిందకి వస్తాయి, అబద్ధం తెలిసిపోతుంది. వీలైనంత కిందికి ఉన్నది వెతకండి, రోడ్డు మూసే అనుమతి జిల్లా పోలీసుల దగ్గర ముందే తీసుకోండి.

ఎల్‌ఈడీ గోడ చవక కాదు. గోడ మీద వేయడానికి బయటి దృశ్యాలు ఎలాగూ మీరే వెళ్ళి కనీసం మూడు నాలుగు కోణాల్లో తీసుకురావాలి. మీ కథలో కిటికీ బయటిదే సగం సినిమా. రాత్రి ప్రయాణం సీన్లకి అద్దెకి తీసుకుంటే సరే, అక్కడ బయట చీకట్లో నాలుగు లైట్లు కదిలితే చాలు.

---

గట్టుమీద_కెమెరా రాశారు:

ముగ్గురికీ చాలా ధన్యవాదాలు. రెండు అనుమానాలు మిగిలాయి. వరసలో తీయడం మాలాంటి వాళ్ళకి కుదురుతుందా? ఇంకోటి, నా కథలో ఆవిడ పాత్ర చదివినవాళ్ళంతా ‘కుర్రాళ్ళ కల’లా ఉంది అంటున్నారు.

---

కత్తెర రాశారు:

వరస గురించి: మీది ఎలాగూ ఊరు మారుతూ పోయే కథ, యూనిట్ కూడా దారి వెంటే పోతుంది, కాబట్టి ఖర్చు మరీ పెరగదు. పెరిగేది లాడ్జి గదుల సీన్లతో. అవన్నీ ఒకే లాడ్జిలో రెండు మూడు గదులు మార్చి కలిపి తీసుకోండి. కారు సంభాషణలు, గొడవ, సముద్రం మాత్రం వరసలోనే. హూలియో, తెనోచ్ వేషాలు వేసిన గయేల్ గార్సియా బెర్నాల్, దియేగో లూనా చిన్నప్పటి నుంచీ స్నేహితులు, సినిమాలో ఆ చనువు పైపైన పూసింది కాదు. మీ ఇద్దరు కుర్రాళ్ళూ అలా దొరక్కపోతే షూటింగుకి ముందు రిహార్సల్ రోజులు ఎక్కువ పెట్టండి. అప్పుడు వాళ్ళ నోట పుట్టిన మాటలు స్క్రిప్టులోకి ఎక్కించి, సెట్‌లో ఆ స్క్రిప్టునే పట్టుకోండి. సెట్‌లో కల్పించుకోమని వదిలితే ఒకరి మాట మీద ఒకరు పడి సౌండు వాళ్ళు తల పట్టుకుంటారు.

ఆవిడ గురించి. మారిబెల్ వెర్దూ చేసిన లూయిసా కల కాకుండా మనిషి ఎలా అయిందో చూడండి. మొదట్లోనే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్తుంది, ఫలితం మనకి చెప్పరు. తర్వాత భర్త ఫోన్ చేసి తను చేసిన తప్పు ఒప్పుకుంటాడు. ప్రయాణానికి ఆమె ఒప్పుకున్నది అందువల్లేనని అనుకుంటాం. అసలు కారణం చివర్లో, ఒక కాఫీ హోటల్లో, ఆమె క్యాన్సర్‌తో చనిపోయాక గానీ బయటపడదు. కుర్రాళ్ళకి ఆమె గమ్యం, ఆమెకి మాత్రం వాళ్ళు దారి. ప్రయాణానికి ఆమె సొంత కారణం ఉంది, అది వాళ్ళకి తెలియదు. మీ పాత్రకి ముందు అది కావాలి.

రెండోది ఫోన్ బూత్ షాట్. ఆమె భర్తతో మాట్లాడుతూ ఏడుస్తుంటుంది. బూత్ అద్దంలో ప్రతిబింబంగా ఇద్దరూ ఫుట్‌బాల్ టేబుల్ ఆడుకుంటూ కనిపిస్తారు. ఒకే ఫ్రేములో రెండు లోకాలు, కట్ లేదు. కుర్రాళ్ళు లేనప్పుడు ఆమె ఏం చేస్తోందో చూపించే సీన్లు మీ స్క్రిప్టులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే చదివినవాళ్ళు అన్నది నిజమే.

మూడోది, కోరిక సీన్లన్నీ ఏదో ఒకటి చెడగొట్టాలి. అందులో ప్రతి దాని తర్వాతా స్నేహం ఒక మెట్టు దిగుతుంది. ఒకరి ప్రియురాలితో ఒకరికి ఉన్న సంబంధాలు బయటపడతాయి, గొడవ ముదిరాక ఆమె కారు దిగి వెళ్ళిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు షరతులు ఆమెవి. అక్కడి నుంచి పెత్తనం ఆమెదే. చివరి రాత్రి తర్వాత స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోవడమే ముగింపు, ఆమెని ఎవరు గెలిచారన్నది కాదు. సీను అయిపోయాక ముగ్గురి మధ్య ఏం మారిందో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ సీను అక్కర్లేదు.

ఇంకో చిన్న మాట, రాజకీయం గురించి. హూలియో ఇంటిపేరు సపాతా, తెనోచ్‌ది ఇతుర్బిదే, లూయిసాది కోర్తెస్. మెక్సికో చరిత్ర తెలిసినవాళ్ళకి ఒకడు రైతుల విప్లవకారుడు, ఇంకొకడు చక్రవర్తి, మూడోవాడు స్పెయిన్ నుంచి వచ్చి ఆక్రమించినవాడు. సినిమా దాని గురించి ఒక్క మాట మాట్లాడదు. 71 ఏళ్ళు ఏలిన పార్టీ 2000 ఎన్నికల్లో ఓడిపోయిందన్నది కూడా కథకుడు చివర్లో పొడిగా చెప్పి ఊరుకుంటాడు. మన దగ్గర ఇంటిపేరు ఇంకా ఎక్కువే చెప్పేస్తుంది, కాబట్టి ఆలోచించి పెట్టండి.

---

సర్టిఫికెట్_సంగతి రాశారు:

సెన్సారు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

ఆ సినిమాకి మెక్సికోలోనే పెద్దలకు మాత్రమే అన్న వర్గం ఇచ్చారు, అమెరికాలో రేటింగ్ లేకుండా విడుదల చేశారు. మన దగ్గర 2023 సవరణ తర్వాత యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడదగిన వర్గం) మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. మీ కథకి 16+ రావాలంటే నగ్నత్వం లేకుండా, బూతులు తగ్గించి, కోరికని మాటల్లో, చూపుల్లో నడపాలి. లేకపోతే ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ తీసుకోండి, మధ్యస్థంగా తీసి కత్తిరింపులు వేయించుకోవడం కంటే అదే నయం. కానీ ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాని టీవీలో అలాగే వేయరు, దానికి మార్పులతో విడిగా సర్టిఫికెట్ కావాలి. శాటిలైట్ (టీవీ హక్కుల) డబ్బు మీద ఆశ ఉంటే నిర్మాతకి ఇప్పుడే చెప్పండి. ఓటీటీకి 2021 నిబంధనల ప్రకారం వేదికే వయసు వర్గం వేసుకుంటుంది.

పాత్రల వయసు విషయంలో బేరం లేదు. ఇంజనీరింగ్ అయిపోయినవాళ్ళు అన్నారు, మంచిదే. డైలాగులో గానీ ఐడీ కార్డు షాటులో గానీ వాళ్ళకి ఇరవై దాటిందని స్పష్టంగా ఉండాలి. నటుల వయసు రుజువులు ఫైల్లో ఉండాలి. ఇంటర్ రోజుల ఫ్లాష్‌బ్యాక్ ఉంటే అందులో ఇలాంటి దృశ్యం దేనికీ చోటు లేదు.

సన్నిహిత దృశ్యాలకి నటులతో రాతపూర్వక ఒప్పందం వేరుగా చేసుకోండి: ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, సెట్‌లో ఎవరుంటారు, ఫుటేజీ ఎవరి దగ్గర ఉంటుంది. ఫైట్ సీనులా ఒక్కో కదలికా ముందే రిహార్సల్ చేయించండి. మానిటర్లు ఒక్కటి తప్ప మిగతావి ఆపేయండి, ఫోన్లు బయట పెట్టించండి. వాడని టేకులు ఏం చేస్తారో కూడా ఒప్పందంలోనే రాయండి.

---

గట్టుమీద_కెమెరా రాశారు:

కృష్ణా గారూ, ఒక చివరి ప్రశ్న. కిటికీ బయట పేలిపోకుండా అద్దాలకి ఎన్‌డీ జెల్ (వెలుతురు తగ్గించే బూడిదరంగు ఫిల్ము) అంటిస్తే?

---

లాంగ్‌టేక్_కృష్ణా రాశారు:

ట్రాలీ మీద, మూసిన రోడ్డులో అయితే అంటించండి. 0.3 ఒక స్టాపు, 0.6 రెండు స్టాపులు. సబ్బునీళ్ళు చల్లి, రబ్బరు స్క్వీజీతో గాలి బుడగలు తీయాలి. ఒక్క బుడగ ఉన్నా ఎండలో మెరుస్తుంది. కిటికీ దించే సీను ఉంటే జెల్ వాడలేరు, సగం దించగానే రెండు రంగులు కనపడతాయి. మామూలు ట్రాఫిక్‌లో మాత్రం వద్దు. కారు అద్దాల ఫిల్ముల మీద 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది, అది సినిమా జెల్ అని చెక్‌పోస్టులో వాదిస్తూ కూర్చుంటే ఆ పొద్దుటి ఎండ పోతుంది.

ఇప్పటి కెమెరాలకి లాగ్ మోడ్‌లో 13 స్టాపుల పైన లాటిట్యూడ్ (వెలుగునీ నీడనీ ఒకేసారి పట్టే శక్తి) ఉంది, జెల్ కంటే లోపలి వెలుతురు పెంచుకోవడం తేలిక. డ్యాష్‌బోర్డు కింద చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్, నటుల ఒళ్ళో ఫ్రేముకి కింద తెల్ల మస్లిన్ గుడ్డ, పైకప్పుకి తెల్ల కాగితం. ఎక్స్‌పోజరు మొహానికి కాకుండా బయటి ఆకాశానికీ మొహానికీ మధ్యన పెట్టండి. నర్సాపురం దాటాక ఇంకో సంగతి: ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా సముద్రపు గాలికి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. షాటుకి అరగంట ముందే పెట్టెలోంచి తీసి బయట ఉంచండి. తుడిస్తే పోదు, మళ్ళీ పడుతుంది.